ఆడపడుచున్న ఇల్లు

హైవే దాటి మట్టిరోడ్డు దిగేదాకా సర్పంచి దుర్గ కంటే నాలుగడుగులు ముందే నడిచింది. పొలిమేరలో అసిరితల్లి గద్దె కనిపించగానే ఎప్పట్లాగే నిలబడిపోయింది. వీపు మీద వెంట్రుకలు నిక్కాయి. ఊరివైపు ఒకసారి చూసి, తోక కాళ్ళ మధ్య దోపుకుని, రోడ్డుకి అడ్డంగా కూర్చుంది.

"రారా. నీ ఊరే కదరా," అంది దుర్గ.

రాలేదు. చూపు కూడా పక్కకి తిప్పేసుకుంది.

సర్పంచి కుక్క. సరుగుడువలసలో ఎవరింట పెళ్ళయినా, చావయినా పిలవకుండా వెళ్ళి ఆఖరి మనిషి లేచేదాకా కూర్చునేది. కొత్తవాళ్ళొస్తే పొలిమేర దాకా ఎదురెళ్ళి, ఇల్లు కనుక్కునేదాకా వాళ్ళ వెంట నడిచేది. ఓట్లతో వచ్చిన సర్పంచులు మారారు గానీ ఈ సర్పంచి మారలేదని పక్కింటి కూర్మయ్య అనేవాడు. అలాంటిది ఇప్పుడు సొంత ఊరి మొహం చూడటం లేదు.

గద్దె మీద తల్లి లేదు. విమానాలు దిగడానికి ఊరు ఖాళీ చేయించినప్పుడు అందరికంటే ముందు లేచింది ఆ తల్లే. డప్పులు కొట్టి, ఘటాలెత్తి తీసుకెళ్ళి కొత్త కాలనీలో వాటర్ ట్యాంకు పక్కన కూర్చోబెట్టారు. తల్లి లేచిపోయాక ఆ ఊరికి పొలిమేర లేదని, అది కుక్కలకి తెలుస్తుందని కాలనీలో ముసలమ్మలు చెప్పుకున్నారు. నిజమో అబద్ధమో గానీ, మనుషులు కదిలిన రోజు కుక్కలన్నీ ట్రాక్టర్ల వెనక పరిగెత్తుకొచ్చేశాయి. పిల్లులు మాత్రం గోడలెక్కి కూర్చుని, మంచాలూ గాబులూ వెళ్ళిపోవడం చూస్తూ ఉండిపోయాయి. ఆనాటి నుంచి కుక్క లోపలికి రాదు, పిల్లి బయటికి పోదు.

దుర్గ క్యారేజీ చెయ్యి మార్చుకుని లోపలికి నడిచింది. మిట్టమధ్యాహ్నం. గుమ్మాలు ఊడబెరుక్కుపోయిన చోట గోడలకి పెద్ద కంతలు. ఒక కంతలోంచి వెనకింటి కంత, దానిలోంచి ఆ వెనక వీధి, ఇంకా అవతల సరుగుడు తోట. ఇన్నాళ్ళూ గోడచాటున ఎవరి కాపరం వాళ్ళు చేసుకున్న ఊరు ఇంత పలచనా అని ఆమెకి రోజూ అనిపిస్తుంది.

బోరింగు మలుపు తిరగబోయి ఆగింది.

పిల్లులు గోడల మీంచి దిగుతున్నాయి. చప్పుడు లేకుండా, తోసుకోకుండా వచ్చి, బోరింగు పక్కన వరసగా కూర్చున్నాయి. అన్నీ మోరలెత్తి ఒకేచోటికి చూస్తున్నాయి. అక్కడ ఎవరూ లేరు. ఆ చూపు నేల మీద లేదు, ఆకాశం మీద లేదు. ఎదురుగా మనిషి నిలబడితే అతని చేతులుండే ఎత్తులో ఉంది. ఒక గండుపిల్లి గొంతు సాగదీసి అడుక్కుంది. కాసేపటికి తలలన్నీ మెల్లగా కుడి నుంచి ఎడమకి తిరిగాయి, ఎవరో సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళిపోతున్నట్టు. ఆ తర్వాత లేచి ఎవరి గోడ మీదికి అవి వెళ్ళిపోయాయి.

దుర్గ బోరింగు దాకా వెళ్ళింది. కొంగున కట్టుకొచ్చిన ఎండు నెత్తళ్ళు విప్పి నేల మీద చల్లింది. పిల్లులు మళ్ళీ దిగొచ్చి తిన్నాయి గానీ, కడుపు నిండినవాళ్ళు మర్యాద కోసం ఎంగిలిపడ్డట్టు తిన్నాయి.

ఆ వీధిలో నిలబడ్డది ఒక్క తమ పెంకుటిల్లే. అటూ ఇటూ మట్టిదిబ్బలు. అరుగు మీద మొగుడు నరసింగరావు గోగునార పాయలు కాలి బొటనవేలికి తగిలించి తాడు పేనుతున్నాడు. ఎడ్లని అమ్మేసి చాలా రోజులైంది. అయినా పలుపుతాళ్ళు పేనుతూనే ఉన్నాడు.

"ఏటే, మొగం అలాగున్నాది? సేపలోడొచ్చినాడేటి?" అన్నాడు తలెత్తకుండా.

"ఏ సేపలోడు మావా?"

"ఇంకెవుడు, సైకిలోడు. రోజూ ఈ ఏళకే వత్తన్నాడు."

"నువ్వు సూసినావేటి?"

"నానెక్కడ సూత్తాను? పిల్లులు సూత్తన్నాయి."

నవ్వుతాడేమోనని అతని మొహంలోకి చూసింది. నవ్వలేదు. నారకి నీళ్ళు చిలకరించుకుని మళ్ళీ పేనసాగాడు.

ఆమె క్యారేజీ విప్పింది. చోడంబలి, ఉల్లిపాయ, నెత్తళ్ళ వేపుడు. అతను చెయ్యి కడుక్కుని తింటుంటే, ప్రహరీ మీద కూర్చున్న పిల్లులన్నీ ఒక్కసారిగా తలలు వెనక వీధివైపు తిప్పాయి. ఆమె కూడా తిరిగింది. అప్పుడు వినిపించింది చప్పుడు, ధన్‌మని. ఎవరిదో గోడ. పెంకుల మీంచి దుమ్ము లేచి ఎండలో నిలబడింది. ముందు తిరిగింది పిల్లులు, తర్వాత పడింది గోడ.

"ఆడపడుచు ఏదీ?" అంది.

"అటక మీదున్నాది. పాలు తెచ్చినావా? ఇలాగియ్యి, నానే పోత్తాను. నువ్వు పోత్తే తాగదు."

పాలసీసా లాక్కున్నట్టు తీసుకుని పక్కన పెట్టుకున్నాడు. పిల్లి పోకుండా లంచం పోస్తున్నాడని దుర్గ అనుకుంది.

ఆడపడుచు పిల్లి పేరు. నల్లమచ్చలూ ఎర్రమచ్చలూ ఉన్న తెల్లపిల్లి. అది ఏ ఒక్కరి పిల్లీ కాదు. ఎవరి వంటింట్లోకైనా అడక్కుండా దూరి, ఉట్టి మీద పెరుగు బాగోలేదన్నట్టు ఒక చూపు చూసి, తనకి రావలసిన వాటా తను తిని పోయేది. పురుటికి మాత్రం ఏడాదికో ఇల్లు ఎంచుకునేది. ఊరు ఖాళీ అయ్యాక ఆ పిల్లి పిల్లల్ని నోట కరుచుకుని ఇల్లు తర్వాత ఇల్లు మారుతోంది. అది గోవింద్ ఇల్లు విడిచిన మర్నాడు గోవింద్ ఇల్లు పడింది. కూర్మయ్య ఇల్లు విడిచిన మర్నాడు కూర్మయ్య ఇల్లు పడింది. కూర్మయ్య ఇంట్లోంచి అది వచ్చింది ఈ అటక మీదికే.

పోయిన వారం ఆఫీసు వాళ్ళొచ్చి లేవమన్నప్పుడు నరసింగరావు అందరి ముందూ అన్నాడు: "ఆడపడుచు పురిటికొచ్చి ఇంట్లో ఉన్నాది బాబూ. పురిటాల్ని ఒగ్గేసి ఇంటి పెద్ద ఎలాగొత్తాడు? అది లెగిసిన్నాడు నానూ లెగుత్తాను. అసిరితల్లి మీదొట్టు." జనం నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వాడు. ఒట్టు మాత్రం నవ్వులో పోలేదు. నూట పాతిక గడపల్లో నరసింగరావు అన్న మాట వెనక్కి తీసుకోగా విన్నవాడు ఒక్కడు లేడు.

వెళ్ళేముందు దుర్గ చుట్టచుట్టిన తాడుని చేత్తో ఎత్తి చూసింది. బరువుగా ఉంది. ఎద్దుని కట్టే తాడు ఇంత పొడుగుండదు.

"ఇంత పొడుగు దేనికి మావా?"

"సేతులూరుకోవు. పేనుతన్నాను."

ఆమె చూపు దానంతటదే లోపలి దూలం మీదికి పోయింది. గభాలున దించుకుంది. క్యారేజీ గిన్నెలు కడగడం మర్చిపోయి అలాగే మూత పెట్టేసుకుని బయల్దేరింది.

కాలనీలో సాయంకాలం కుళాయి దగ్గర బిందెలు వరసలో ఉన్నాయి, ఆడవాళ్ళు మాత్రం వరసలో లేరు. ఇళ్ళన్నీ ఒకే రంగు, ఒకే కొలత. వచ్చిన కొత్తలో కూర్మయ్య రెండుసార్లు పక్కవాళ్ళింట్లోకి వెళ్ళి భోజనానికి కూర్చున్నాడు. అతని పెళ్ళాం పద్మకుమారి అది ఇప్పటికీ చెప్పి నవ్విస్తూ ఉంటుంది.

"ఏటప్పా, మా బావేటంటన్నాడు? ఆడపడుచుకి బారసాల సేసినాకే వత్తాడా?" అంది దుర్గని చూసి.

"నీకు నవ్వులాటగున్నాదే."

"ఏడిస్తే మీ ఆయన లెగుత్తాడంటే సెప్పు, ఇక్కడే కూకోని ఏడుత్తాను."

కూర్మయ్య సైకిల్ దిగి, నవ్వే వాళ్ళని చూసి నవ్వకుండా, దుర్గని పక్కకి పిలిచాడు.

"ఎల్లుండి పొద్దెక్కినాక పోలీసుల్ని తెత్తారటమ్మా. నలుగురు ఎత్తి బండిలో పడేసి, తెచ్చి ఇక్కడ దించుతారంట. నాను బతిమాలినాను. మీవోడు పిల్లిని సూపించి మమ్మల్ని ఎర్రోల్ని సేత్తన్నాడు అన్నారు."

దుర్గ వెనక్కొచ్చి బిందె కుళాయి కింద పెట్టింది. అవతలి పల్లెలో ఒక పెద్దమనిషిని అలాగే ఎత్తుకొచ్చారు. పంచె ఊడి రోడ్డు మీద పడింది. ఎవరో తీసిన వీడియో ఊరూరా ఫోన్లలో తిరిగింది. ఆ మనిషి మళ్ళీ వీధిలోకి రాలేదు. నరసింగరావు అంతవరకూ కూడా ఉండడు. ఎత్తడానికి వాళ్ళు లోపలికొచ్చేసరికే... ఆమె మనసు మళ్ళీ దూలం దాకా వెళ్ళి అక్కడ ఆగింది.

బిందె నిండి పొర్లిపోతోంది. పద్మకుమారే కుళాయి కట్టేసి, బిందె తీసి ఆమె నడుం మీద పెట్టింది. ఈసారి హాస్యమాడలేదు.

మర్నాడు దుర్గ ఇంటికి వెళ్ళలేదు, ముందు ఇళ్ళు కూల్చే మిషను దగ్గరికి వెళ్ళింది.

వెనక వీధిలో పచ్చరంగు మిషను నీడలో డ్రైవరు త్రినాథ్ అన్నం తింటున్నాడు. పాతపట్నం అవతలి వాడు. పెళ్ళయి ఒక పాప. అతని టిఫిను డబ్బా చుట్టూ పిల్లులు కూర్చుని ఉన్నాయి. చేప ముల్లు తీసి ఒకదాని ముందు పెడుతూ, "రా పిన్నీ, కూకో," అన్నాడు.

"బాబూ, నిన్నొకటడుగుతాను. అబద్ధం సెప్పకు. ఆ పిల్లికి ఎలాగ తెలుత్తన్నాది? అది లెగిసిన ఇల్లే ఎలాగ పడతన్నాది?"

త్రినాథ్ ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగాడు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరని అతనికీ తెలుసు, అయినా చూశాడు.

"సూపరైజరుతో అనకు పిన్నీ. దానికేటీ తెల్దు. నాకే బయ్యం." ముద్ద డబ్బాలో పెట్టేశాడు. "పిల్లిని సంపితే బంగారం పిల్లిని సేయించి దానమిచ్చినా పాపం పోదనీది మా మామ్మ. పైగా పురిటాలు. మిషను ఎక్కే ముందర రోజూ ఇళ్ళన్నీ తిరిగి సూత్తాను. అటకలు తట్టి, పొయ్యిలు ఎతికి, పిల్లలున్నాయా నేవా అని. ఉన్న ఇల్లు ముట్టుకోను. అది లెగిసిపోయిన ఇల్లు, అమ్మయ్య అని, ముందది దించేత్తాను."

"అంతేనా?"

"అంతే. అది లెగిసినాది కాబట్టి ఇల్లు పడతాదనుకుంతన్నారు మీరు. అది ఎప్పుడు లెగుత్తాదా అని నాను కాసుక్కూకుంతన్నాను."

"మరి అదెందుకు లెగుత్తాది?"

"పక్కింటి కాడ మిషను మోత పడితే పిల్లల్తల్లి ఉంటాదేటి?" అన్నాడు. చెప్పాక అతనే ఆలోచనలో పడ్డాడు. "మీ ఇంటి పక్కన కొట్టడానికింకేటీ మిగల్లేదు పిన్నీ. మోత నేదు. ఇంకది లెగవదు."

దుర్గ మిషను చక్రానికి ఆనుకుని కూర్చుండిపోయింది. డ్రైవరు పిల్లి కోసం ఆగాడు. మొగుడు పిల్లి కోసం ఆగాడు. పిల్లి ఎవరి కోసమూ ఆగలేదు. నిశ్శబ్దంగా ఉంది కదా అని అటక మీద పిల్లలకి పాలిస్తోంది. ఊరంతా అందులో దైవాన్ని చూసింది.

"మీవోడికి సెప్పెయ్యి పిన్నీ," అన్నాడు త్రినాథ్.

"సెప్తే ఇంకేటున్నాది? ఆ పిల్లిని గుంజకి కట్టేసి, నా ఇల్లు నిలబడతాదని అక్కడే కూకుంటాడు."

"నాను ముట్టుకోను గానీ, రేపు ఇంకో మిషనొత్తాది. ఆ డ్రైవరు పిల్లీ గిల్లీ సూడడు."

దుర్గ లేచి చీర దులుపుకుంది. ఇక చేయవలసింది ఏమిటో ఆమెకి తెలిసిపోయింది. నరసింగరావుకి తెలియకుండా పిల్లల్ని తనే తరలించాలి. అతని ఒట్టు నిలబడాలి, అతనూ నిలబడాలి.

"ఒక్క మాట పిన్నీ." వెనక నుంచి పిలిచాడు త్రినాథ్. గొంతు తగ్గించాడు. "పొద్దున్న నాను మీ అరుగు కాడికొచ్చినప్పుడు, మీవోడు ఎవరితోనో మాటాడతన్నాడు. 'కూర్మిగా, దగ్గు తగ్గినాదేటిరా' అని. ఇటు సూత్తే ఎవుల్లేరు. ప్రహరీ మీద పిల్లులు మాత్రం ఆ మూలకే సూత్తన్నాయి."

ఆ మూలనే కూర్మయ్య ఇల్లుండేది.

మూడో రోజు దుర్గ తెల్లారగానే గంప పట్టుకుని బయల్దేరింది. గద్దె దగ్గర సర్పంచిని వదిలి, ఈసారి వీధిలోంచి కాకుండా పెరటివైపు నుంచి, పడిపోయిన కూర్మయ్య గోడ చాటునుంచి వచ్చింది. నరసింగరావు దొడ్డికి వెళ్ళే వేళ కనిపెట్టి అటకెక్కాలని ఆమె ఆలోచన.

అతను దొడ్డికి వెళ్ళలేదు. వీధి తడిక దగ్గర, ఇంటికి ఎంత దూరంగా పోగలడో అంత దూరంలో, గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కొబ్బరిచిప్పలో పాలు. గడప నుంచి తడిక దాకా చిప్ప పెట్టిన గుండ్రటి మరకలు నేల మీద వరసగా ఉన్నాయి. రోజుకి కొంత దూరంగా జరుపుకుంటూ వచ్చాడు.

"రాయే. రాయే తల్లీ, రాయే," అంటున్నాడు మెల్లగా.

ఆడపడుచు గుమ్మంలోంచి వచ్చింది. తొందరేమీ లేదు. పాలు తాగింది. మీసాలు తుడుచుకుంది. నరసింగరావు రెండు చేతులూ జోడించాడు.

"ఇంక సాలే. అటే ఎల్లిపోవే. నీ కాళ్ళట్టుకుంటాను. పిల్లల్ని నోట కరుసుకోని ఎటోకటు ఎల్లిపోయే. నావల్ల కావట్లేదే. సీకటడితే అందరూ వత్తన్నారు. పేరెట్టి పిలుత్తన్నారు. నానొక్కన్ని ఉండనేనే."

పిల్లి అతన్ని చూసింది. చూసి, తోక నిటారుగా ఎత్తుకుని, వచ్చిన దారినే లోపలికి వెళ్ళిపోయింది.

అతను కండువాతో మొహం కప్పుకుని అలాగే కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

దుర్గ గోడ చాటున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముప్పై ఏళ్ళ కాపరంలో ఆ మనిషి ఏడవగా ఆమె చూడలేదు. చూసినట్టు అతనికి తెలియకూడదు. అడుగులో అడుగేసి పెరట్లోంచి వెనక్కి వెళ్ళి, చుట్టూ తిరిగి, వీధి మొదట్లో నిలబడి గట్టిగా దగ్గింది. గాజులు గలగలలాడించింది. లేని కోడిని అదిలించింది.

ఆమె తడిక దగ్గరికొచ్చేసరికి అతను అరుగు మీదున్నాడు. కొబ్బరిచిప్ప కనిపించలేదు. మొహం కడుక్కున్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు.

"గంపెందుకే?" అన్నాడు.

"పెరట్లో నాలుగు వంకాయలున్నాయి కదా మావా. కోసుకుందారని."

పెరట్లో వంకాయ మొక్కలు ఎండిపోయి నెల దాటింది. నరసింగరావు గంపని చూశాడు. గంపలో మడిచిపెట్టిన పాతచీరని చూశాడు. చాలాసేపు చూశాడు.

"కోసుకో," అన్నాడు. "నాను నూతికాడ కాళ్ళు కడుక్కోనొత్తాను. బేగి రాను."

దుర్గ లోపలికి అడుగుపెట్టి ఆగిపోయింది. ముందు దూలం చూసింది. దూలానికి సాలెగూడు తప్ప ఏమీ లేదు. కింద గోడకి ఆనించి నులకమంచం, నాలుగు కోళ్ళూ దగ్గరకు లాగి కొత్త గోగుతాడుతో బిగించి ఉంది. పక్కన దుప్పటి మూట, దానికీ అదే తాడు. గిన్నెలు, దీపపు సెమ్మె, నాగటి కర్రు, అన్నీ కట్టి ఉన్నాయి. ఒక్క రోజులో కట్టిన మూటలు కావవి. పైన దుమ్ము పట్టి ఉంది. ఎప్పట్నుంచో బయల్దేరి కూర్చున్నాడు.

ఆమె నిచ్చెన వేసుకుని అటకెక్కింది. పాత చేటలో మూడు పిల్లలు, కళ్ళు తెరిచినవి. ఆడపడుచు పక్కకి జరిగింది గానీ గీరలేదు. దుర్గ పిల్లల్ని గంపలో పెట్టి కిందికి దించింది. నేల మీద కాలు పెట్టేసరికి పిల్లి గంపలోకి దూరి ఒకదాన్ని కరుచుకుని మళ్ళీ నిచ్చెనెక్కింది. దుర్గ మళ్ళీ తెచ్చింది. అది మళ్ళీ ఎక్కించింది. ఈసారి దుర్గ నిచ్చెన తీసేసి, గంప పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఒసే, ఇలా సూడు," అంది. "పుట్టిల్లంటే గోడలేటే? గోడలకేటి తెలుసు, నీకు పెరుగెయ్యాలని? వదిన్ని నానున్నాను. నానెక్కడుంటే అక్కడే నీ పుట్టిల్లు. నీ అన్న బయపడతన్నాడే. మొగోడు, పైకి సెప్పుకోనేడు. నువ్వైనా అర్దం సేసుకో."

ఆడపడుచు అటక అంచున కూర్చుని విన్నది. కింద గంపలో పిల్లలు అరుస్తున్నాయి. కాసేపటికి గోడగూట్లోకి, గూట్లోంచి మంచం మీదికి గెంతింది. నోట్లో మూడో పిల్ల ఉంది. దాన్ని గంప అంచున వదిలి, తను లోపలికి ఎక్కకుండా, గడప దాటి బయటికి వెళ్ళి నిలబడింది.

దుర్గ పాతచీర కప్పి గంప తలకెత్తుకుంది.

నరసింగరావు నూతి దగ్గర్నుంచి వచ్చాడు. కాళ్ళు తడవలేదు. అరుగు కింద నిలబడి, లోపలికి గొంతెత్తి, "ఆడపడుచు లెగిసిపోనాదేటే?" అన్నాడు, ఎవరో వింటున్నట్టు.

"లెగిసిపోనాది మావా."

"ఐతే పద. మాట మాటే."

మూట భుజానికెత్తుకున్నాడు. మంచానికి తర్వాత రావచ్చునన్నాడు. గడపకి దణ్ణం పెట్టుకుని వీధిలోకి దిగాడు. మూడడుగులు వేసి ఆగి, చెయ్యి చాచి దుర్గని ఆపాడు.

రెండువైపులా మట్టిదిబ్బల మీద పిల్లులు కూర్చున్నాయి. ఊళ్ళో ఉన్న పిల్లులన్నీ. అవి ఈ ఇద్దరినీ చూడటం లేదు. వీళ్ళకి కొంచెం ముందుగా, ఖాళీ వీధిని చూస్తున్నాయి. తలలు నెమ్మదిగా పొలిమేరవైపు తిరుగుతున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి, ముసలివాళ్ళ నడక వేగంతో.

"ఆగు," అన్నాడు నరసింగరావు గుసగుసగా. "ముందోల్ని ఎల్లనీ."

నిలబడ్డారు. గాలి లేదు. గంపలో పిల్లలు కూడా గప్‌చిప్‌గా ఉన్నాయి. ఆఖరి పిల్లి తల తిరిగాక అతను అడుగు వేశాడు.

పొలిమేరలో సర్పంచి లేచి నిలబడి ఉంది. వీళ్ళింకా దూరంగా ఉండగానే తోక ఊపింది. రోడ్డుకి అడ్డం తొలగి ఎవరికో దారిచ్చింది, వాళ్ళ వెంట తల తిప్పి చూసింది. దుర్గా నరసింగరావూ వచ్చాక గంపకేసి మోరెత్తి ఒకసారి వాసన పట్టి, వాళ్ళ వెనక నడక మొదలుపెట్టింది. ఎప్పుడూ ముందు నడిచే కుక్క.

ఆడపడుచు ఖాళీ గద్దె మీదికెక్కి కాసేపు కూర్చుంది. తర్వాత అదీ దిగి, రాళ్ళు ఎంచుకుని అడుగేస్తూ, అందనంత దూరంలో వెంబడించింది.

హైవే దగ్గర పోలీసు వ్యాను ఎదురైంది. దుమ్ము లేపుకుంటూ వాళ్ళని దాటి ఊరివైపు వెళ్ళిపోయింది. మూటతో ఒక మగమనిషి, గంపతో ఒక ఆడమనిషి, వెనక ఒక కుక్క. లోపలి వాళ్ళు తలలు కూడా తిప్పలేదు.

కాలనీలో అప్పటికే కబురు చేరినట్టుంది. కుళాయి దగ్గర వాళ్ళు, అరుగుల్లేక మెట్ల మీద కూర్చున్న వాళ్ళు, అందరూ లేచొచ్చారు. నరసింగరావు వీధి మధ్య నిలబడి మూట దించాడు. చొక్కా సర్దుకున్నాడు.

"ఏటిరా, వచ్చేసినావు?" అన్నాడు కూర్మయ్య.

"ఆడపడుచు లెగిసిపోనాదిరా. ఒట్టు కదా. ఇంకేటి సేత్తాను, లెగిసొచ్చీసినాను."

సరిగ్గా అప్పుడే దుర్గ తల మీద గంపలోంచి "మియ్" మని వినిపించింది. ఆ వెంటనే రెండోది, మూడోది, గొంతులు కలిపి.

నరసింగరావు వాటర్ ట్యాంకు కేసి చూస్తున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. దుర్గ గంప కదలకుండా రెండు చేతులా పట్టుకుని కూర్మయ్యని చూసింది. కూర్మయ్య గొంతు సవరించుకున్నాడు.

"మరే," అన్నాడు. "ఆడపడుచే ఎల్లిపోనాక నువ్వుండి ఏటి సేత్తావు? మాటన్నాక నిలబడాల."

"అవునవును," అన్నారు జనం. ఒక ముసలమ్మ, "పిల్లికి అన్నీ తెలుసమ్మా," అని చేతులు జోడించింది. గంపలో అరుపులు ఎక్కువయ్యాయి. జనం ఇంకొంచెం గట్టిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు: ఎండల గురించి, కుళాయి నీళ్ళ గురించి.

పద్మకుమారి ఎప్పుడు లోపలికెళ్ళిందో, పాలగిన్నెతో బయటికొచ్చింది. దుర్గ తల మీది గంప వైపు చూడలేదు. తిన్నగా నరసింగరావు దగ్గరికి వెళ్ళి, అతని కాళ్ళ దగ్గరున్న దుప్పటి మూట పక్కన గిన్నె పెట్టింది.

"బావా," అంది, మొహంలో ఎక్కడా నవ్వు లేకుండా. "నీ మూట ఆకలికి ఏడుత్తన్నాది. బేగి ఇప్పి పాలియ్యి."